కంపాలాలో ఇంటర్నేషనల్ స్కూల్ ఆఫర్: సంతకం పెట్టే ముందు ఏం అడగాలి, ఏం మోసుకురావాలి?

ఫిజిక్స్_పరిమళ
ఉగాండా నుంచి ఆఫర్ లెటర్ వచ్చింది. కంపాలాలో స్కూలు, ఐజీసీఎస్‌ఈ (కేంబ్రిడ్జ్ వాళ్ల పదో తరగతి స్థాయి పరీక్ష) ఫిజిక్స్, రెండేళ్ల కాంట్రాక్టు. జీతం నెలకు 40 లక్షల షిల్లింగులు అని రాశారు గానీ అది చేతికొచ్చేదో, పన్నుకు ముందుదో చెప్పలేదు. ఇల్లు ఇస్తారట, ఏ ఏరియాలోనో లేదు. టికెట్టు ఏడాదికొకటా, రెండేళ్లకొకటా అదీ లేదు. హెచ్ఆర్ ఆవిడ మాత్రం "టూరిస్ట్ వీసా మీద వచ్చేయండి, వర్క్ పర్మిట్ ఇక్కడ చేయిస్తాం" అంటోంది. మావారు, ఆరేళ్ల పాప కూడా వస్తారు. ఆగస్టులో చేరాలి. అక్కడ పనిచేస్తున్నవాళ్లు వివరంగా చెప్పండి. సింహాలు, జిరాఫీల సంగతి నెట్‌లో చదివేశాను, అవి వద్దు.

బోడాబోడా
సింహాలు ఎలాగూ కంపాలాలో ఉండవు మేడమ్. ట్రాఫిక్ జామ్ ఉంటుంది, అది సింహం కన్నా ఘోరం.

లెక్కల_మాస్టారు
ముందు నెట్టా గ్రాసా తేల్చుకోండి, మిగతావన్నీ తర్వాత. 2012 నుంచి నడుస్తున్న శ్లాబులు ఇవి: నెలకు 2,35,000 షిల్లింగుల దాకా పన్ను లేదు. అక్కడి నుంచి 3,35,000 వరకు 10 శాతం, 4,10,000 వరకు 20 శాతం, ఆపైన అంతా 30 శాతం. కోటి దాటితే ఇంకో 10 శాతం, అది మన టీచర్లకు తగలదు లెండి.

మీ 40 లక్షలు గ్రాస్ అయితే: 4,10,000 వరకు పన్ను 25,000. మిగిలిన 35,90,000 మీద 30 శాతం అంటే 10,77,000. మొత్తం పన్ను 11,02,000. మన పీఎఫ్ లాంటి ఎన్ఎస్ఎస్ఎఫ్‌కి మీ వాటా 5 శాతం, 2,00,000. చేతికొచ్చేది 26,98,000. అదే నెట్ అయితే మొత్తం 40 లక్షలూ మీవే. తేడా నెలకు 13 లక్షల షిల్లింగులు! ఇంత పెద్ద తేడాని "కన్సాలిడేటెడ్" అన్న ఒక్క మాట కింద దాచేస్తారు.

ముకోనో_మేడమ్
మాస్టారు లోకల్ సర్వీస్ ట్యాక్స్ వదిలేశారు. నెలకు 10 లక్షలు దాటినవాళ్లకి ఏడాదికి 1,00,000. జూలైతో వాళ్ల ఆర్థిక సంవత్సరం మొదలు కాబట్టి మొదటి నాలుగు నెలల్లో ముక్కలుగా కోస్తారు. ఆగస్టులో చేరినవాళ్లు మొదటి పేస్లిప్పులో ఇది చూసి కంగారు పడతారు.

ఇంకోటి. స్కూలు ఇచ్చే ఇంటికీ పన్ను ఉంది. మార్కెట్ అద్దె, లేదా ఉద్యోగ ఆదాయంలో 15 శాతం, ఏది తక్కువైతే దాన్ని ఆదాయంలో కలుపుతారు. "ఫ్రీ హౌసింగ్" అన్నప్పుడు ఆ పన్ను ఎవరు కడతారో రాయించుకోండి.

లెక్కల_మాస్టారు
నిజమే, అది మర్చిపోకూడదు. ఎన్ఎస్ఎస్ఎఫ్‌లో స్కూలు వాటా 10 శాతం విడిగా పడాలి. దేశం శాశ్వతంగా వదిలి వెళ్లేటప్పుడు ఎమిగ్రేషన్ గ్రాంట్ పేరుతో మీ ఖాతా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి చేరిన నెలలోనే ఎన్ఎస్ఎస్ఎఫ్ నంబరు, పన్ను నంబరు అయిన టిన్ రెండూ అడిగి తీసుకోండి. జీతంలో 5 శాతం కోసి ఖాతాలో జమ చేయని యాజమాన్యాలూ ఉంటాయి. ఫోన్‌లో స్టేట్‌మెంట్ చూసుకోవచ్చు. మూడు నెలలకోసారి చూసుకుంటే చాలు.

ఎన్టెబ్బే_ఎక్స్‌ప్రెస్
టూరిస్ట్ వీసా గురించి మరీ భయపెట్టకండి. సగం మంది అలాగే వస్తారు. పర్మిట్ తర్వాత వచ్చేస్తుంది, ఏం కాదు.

నల్గొండ_నైలు
ఏం కాదని ఎట్ల చెప్తరు బ్రో? టూరిస్ట్ వీసా మీద క్లాసు చెప్తే అది చట్టవిరుద్ధమే. ఇమిగ్రేషనోళ్లు స్కూలుకు చెకింగ్‌కొస్తే యాజమాన్యం ఫైన్ కట్టి బయటపడ్తది, దేశం నుంచి పంపేది మాత్రం టీచర్నే. ఉద్యోగులకు ఇచ్చే పర్మిట్ జీ2 క్లాసు. దరఖాస్తు స్కూలే పెట్టాలె. అది తేలేలోపు పని చేయాల్నంటే స్పెషల్ పాస్ అని ఉంటది, గరిష్ఠంగా 5 నెలలు. "నేను దిగే రోజుకు పర్మిట్ అప్రూవలన్న ఉండాలె, స్పెషల్ పాసన్న ఉండాలె" అని మెయిల్ పెట్టుండ్రి. ఫోన్‌ల చెప్పింది లెక్కలకు రాదు.

ఎన్టెబ్బే_ఎక్స్‌ప్రెస్
సరే, చట్టం మీరు చెప్పినట్టే ఉంది. నేను చెప్పింది జరిగేది.

నల్గొండ_నైలు
జరిగేది జరిగినంత కాలం బానే ఉంటది. ఆరేళ్ల పాపతోని వస్తున్నరు ఆమె.

ముకోనో_మేడమ్
కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. పాస్‌పోర్ట్ సేవా కేంద్రం నుంచి పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ). డిగ్రీ, బీఎడ్ సర్టిఫికెట్లకు అటెస్టేషన్: ముందు యూనివర్సిటీ వెరిఫికేషన్, తర్వాత రాష్ట్ర హెచ్ఆర్‌డీ (విద్యాశాఖ), ఆపైన విదేశాంగ శాఖ, చివర్లో ఢిల్లీలో ఉగాండా హైకమిషన్. ఏ స్టాంపు దాకా కావాలో స్కూల్ని రాతపూర్వకంగా అడగండి. ఏజెంట్లు అవసరం లేనివి కూడా వేయించి డబ్బులు లాగుతారు. కంపాలాలో మీ డిగ్రీని ఎన్‌సీహెచ్‌ఈ, అంటే వాళ్ల ఉన్నత విద్యామండలి, సమానమని ధ్రువీకరించాలి. దానికి మార్కుల మెమోలు అన్ని సంవత్సరాలవీ కావాలి. కన్సాలిడేటెడ్ మెమో ఒక్కటే తెచ్చి ఇక్కడ చిక్కుకునేవాళ్లు ఎక్కువ.

పెళ్లి సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ కూడా అదే కట్టలో అటెస్ట్ చేయించండి. డిపెండెంట్ పాస్‌కి అవే ఆధారం. ఆ పాస్ మీద మీవారు ఉద్యోగం చేయకూడదు, దానికి వేరే పర్మిట్ కావాలి. పాప ఫీజు మాఫీ అంటే ట్యూషన్ ఒక్కటేనా, బస్సు, భోజనం, పుస్తకాలు కూడానా అన్నదీ అడగండి. ఆ మిగతావే ఒక్కోసారి బోలెడవుతాయి.

ఫిజిక్స్_పరిమళ
అమ్మో, మంచిపని చేశారు అందరూ. హెచ్ఆర్‌కి మెయిల్ పెడుతున్నా. ఇక్కడి ఇన్‌కమ్ ట్యాక్స్ సంగతేంటి? ఇండియాలో కూడా కట్టాలా?

లెక్కల_మాస్టారు
ఉద్యోగం కోసం దేశం వదిలినవాళ్లకు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజుల కన్నా తక్కువ ఉంటే ఎన్ఆర్ఐ హోదా. ఏప్రిల్ 1 నుంచి లెక్క వేయండి, సెప్టెంబరు 28 లోపు విమానం ఎక్కితే ఆ ఏడాదే ఎన్ఆర్ఐ. ఆగస్టు మొదటి వారం అంటే నిక్షేపంగా సరిపోతుంది. అప్పుడు ఉగాండా జీతం మీద ఇక్కడ పన్ను ఉండదు. ఇండియాలో అద్దెలు, వడ్డీలు వస్తుంటే వాటికి మామూలే. వెళ్లాక మీ సేవింగ్స్ ఖాతాని ఎన్ఆర్ఓగా (ఎన్ఆర్ఐల ఇండియా ఆదాయానికి ఉండే ఖాతా) మార్పించాలి, అక్కడి నుంచి పంపే డబ్బుకు ఎన్ఆర్ఈ ఖాతా తెరవాలి. చాలామంది ఏళ్ల తరబడి పాత ఖాతాలోకే పంపిస్తుంటారు, అది విదేశీ మారక చట్టం ఫెమా ప్రకారం తప్పు.

బ్యాంకు ద్వారా పంపితే ప్రతి ట్రాన్స్‌ఫర్‌కీ ఇంత అని ఛార్జీ ఉంటుంది, పైగా మధ్యలో ఉన్న బ్యాంకు కొంత కోసుకుంటుంది. నెలనెలా చిన్న మొత్తాలు పంపే బదులు మూడు నెలలకోసారి పంపండి.

బోడాబోడా
డాలర్లు తెచ్చుకుంటే కొత్త 100 నోట్లే తెచ్చుకోండి. పాత సిరీస్ నోట్లు, మడతపడ్డవి, మీద పెన్ను గీత ఉన్నవి ఫారెక్స్ వాళ్లు తీసుకోరు. 10లు, 20లకు రేటు తక్కువిస్తారు. వచ్చిన రోజే సిమ్ తీసుకుని మొబైల్ మనీ పెట్టించుకోండి, కూరగాయల దగ్గర్నుంచి కరెంటు దాకా అంతా దాని మీదే. నగదుగా బయటికి తీస్తే 0.5 శాతం పన్ను పడుతుంది, ఫోన్ నుంచి ఫోన్‌కి పంపితే ఆ పన్ను పడదు. అందుకే దుకాణంలో నంబరుకే కొట్టేయండి.

గుంటూరు_గొడ్డుకారం
అందరూ డబ్బుల గురించే. తిండి గురించి ఎవరూ మాట్లాడరేం?

గోదారి_గట్టు
వస్తున్నానండి బాబూ. కంపాలాలో ఆకలితో పోయే ప్రమాదం లేదు. కందిపప్పు, మినప్పప్పు, చింతపండు, కరివేపాకు అన్నీ ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి. నకసేరో మార్కెట్టు చుట్టుపక్కల వెతకండి. ఆ షాపుల్లో తెలుగు కంటే గుజరాతీ పనికొస్తుంది. తోటకూరని ఇక్కడ డోడో అంటారు, ఏ బుట్టలో చూసినా అదే. ఉత్తర ఉగాండా వాళ్లు మలక్వాంగ్ అనే పుల్లటి ఆకుని వేరుశెనగ ముద్దతో వండుతారు. అది మన గోంగూర జాతే. గోంగూర పచ్చడి కోసం బెంగ పెట్టుకున్నవాళ్లు దాన్ని నూనెలో మగ్గించి చూడండి.

బియ్యం మోసుకురావద్దు. ఊరగాయ, గన్‌పౌడర్ (ఇడ్లీ పొడి), ఇంగువ, మీకు అలవాటైన కారం, ఇవి తెచ్చుకోండి. కారం మాత్రం ఇక్కడిది మన నోటికి ఆనదు.

గుంటూరు_గొడ్డుకారం
చివరి వాక్యం కోసమే ఈ చర్చ మొత్తం చదివా. 5 కిలోలకి తగ్గకుండా తెచ్చుకోండి మేడమ్.

గోదారి_గట్టు
వంటలో రెండు తేడాలు. ఊరు సముద్ర మట్టానికి దాదాపు 1,200 మీటర్ల ఎత్తు, నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. విడి గిన్నెలో పప్పు ఉడకడానికి చాలా సేపు పడుతుంది. కుక్కర్ తప్పదు, అదీ ఇక్కడ ఒకటి రెండు విజిల్స్ ఎక్కువ పెట్టాలి. రాత్రిళ్లు 17, 18 డిగ్రీలు కాబట్టి ఇడ్లీ పిండి ఎనిమిది గంటల్లో పులవదు, 14 గంటల పైనే పడుతుంది. సాయంత్రం స్కూలు నుంచి రాగానే రుబ్బి, లైటు వేసిన అవెన్‌లో పెడితే పొద్దుటికి అందుతుంది. కరెంటు పోతే ఇడ్లీ రేపటికి!

వైరింగ్_వాసు
మిక్సీ తెచ్చుకోండి, 240 వోల్టులు, 50 హెర్ట్జ్, మన దానికి సరిపోతుంది. కానీ సాకెట్లు బ్రిటిష్ రకం, మూడు చదునైన పిన్నులు. ట్రావెల్ అడాప్టర్ మీద మిక్సీ, ఇస్త్రీపెట్టె నడపకండి. వదులుగా కూర్చుంటుంది, వేడెక్కి ప్లాస్టిక్ కరుగుతుంది. ఇక్కడి ప్లగ్ టాప్ కొని మార్చేయండి, స్క్రూ డ్రైవర్ ఒక్కటి చాలు. ప్లగ్ మూత విప్పాక ఫ్యూజు ఉన్న వైపు పిన్నుకి ఎర్ర లేక బ్రౌన్ వైరు, రెండో వైపు నలుపు లేక నీలం, పైన పొడుగు పిన్నుకి ఆకుపచ్చ. వైరు పై తొడుగు మీద క్లాంపు బిగించాలి, లోపలి సన్న వైర్ల మీద కాదు.

ఫ్యూజు చూసుకోండి. చాలా ప్లగ్గుల్లో 13 ఆంపియర్లది వేసి అమ్ముతారు. 750 వాట్ల మిక్సీ 3 ఆంపియర్ల పైనే లాగుతుంది, కాబట్టి 3 వేస్తే ఎగిరిపోవచ్చు, 5 వేయండి. 13 ఉంచేస్తే మోటారు ఇరుక్కున్నప్పుడు ఫ్యూజు కాపాడకపోవచ్చు, వైరే కాలొచ్చు.

నల్గొండ_నైలు
గ్యాస్ రెగ్యులేటర్ మాత్రం తేకుండ్రి. ఇక్కడ సిలిండర్ కంపెనీ మారితే వాల్వు సైజు మారుతది. ఏ కంపెనీ సిలిండర్ కొంటే ఆ షాపులనే రెగ్యులేటర్ తీస్కోవాలె.

వైరింగ్_వాసు
కరెంటు ప్రీపెయిడ్. యాకా మీటరంటారు. ఫోన్‌లో డబ్బు కడితే 20 అంకెల టోకెన్ వస్తుంది, అది మీటర్లో కొట్టాలి. 2025 ఏప్రిల్ నుంచి పంపిణీ ప్రభుత్వ సంస్థ యూఈడీసీఎల్ చేతికి వచ్చింది, కొనే పద్ధతి అదే. నెలలో మొదటి కొనుగోలులో సర్వీస్ ఛార్జీ కోసుకుంటారు, అందుకే ఒకటో తారీఖున యూనిట్లు తక్కువొచ్చాయని గాభరా పడకండి. ఇళ్లకు నెలలో మొదటి 15 యూనిట్లు బాగా చవక. చేరిన రోజే మీటర్ నంబరు ఫోటో తీసి దాచుకోండి. ఒక్కోసారి పాత అద్దెదారు బాకీ మీటరు మీద ఉంటుంది, మీరు కొన్న డబ్బులో అది కోసుకుపోతుంది. ఇల్లు స్కూలిదైతే ఆ బాకీ స్కూలే కట్టాలి, తాళాలు తీసుకునే ముందే తేల్చుకోండి. నీళ్లకు పైన ట్యాంకు ఉందా, ఎన్ని లీటర్లు, ఎన్ని ఇళ్లకి అన్నదీ చూడండి.

ఫిజిక్స్_పరిమళ
మలేరియా గురించి ఇంట్లో పెద్దవాళ్లు చాలా భయపెడుతున్నారు. రెండేళ్లూ మాత్రలు వేసుకోవాలా?

ఫార్మసీ_ఫణి
ముందు ఎల్లో ఫీవర్ టీకా. ఉగాండాలో దిగాలంటే సర్టిఫికెట్ తప్పనిసరి. బయలుదేరడానికి కనీసం 10 రోజుల ముందు వేయించుకోవాలి, ఆ తర్వాతే చెల్లుబాటు. ఒకసారి వేస్తే జీవితాంతం చాలు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. సెలవులకు ఇండియా వచ్చేటప్పుడు కూడా ఆ టీకా సర్టిఫికెట్ ఉన్న పసుపు పుస్తకమే చూపించాలి, లేకపోతే 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెడతారు. అమ్మానాన్నలు మిమ్మల్ని చూడటానికి వస్తామంటే, 60 దాటినవాళ్లకు ఈ టీకాతో ఇబ్బందులు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి డాక్టర్ని అడిగాకే టికెట్లు కొనండి.

మలేరియాకి ఏళ్ల తరబడి మాత్రలు వేసుకునే నివాసులు తక్కువే. మీరు మాత్రం, ముఖ్యంగా పాపకు, బయలుదేరే ముందు డాక్టర్‌తో మాట్లాడండి. డాక్సీసైక్లిన్ ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు మామూలుగా ఇవ్వరు. దోమతెర, పొడుగు చేతులు, కిటికీ జాలీ రోజూ ఉండాలి.

జ్వరం వస్తే అదే రోజు రక్త పరీక్ష. "రేపటికి తగ్గుతుందిలే, డోలో వేద్దాం" అనే మన అలవాటు ఇక్కడ ప్రమాదం. ఇక్కడ ఎక్కువగా ఫాల్సిపారం రకం, మలేరియాల్లో ప్రమాదకరమైనది. పాజిటివ్ వస్తే చాలాసార్లు కోఆర్టెమ్ రాస్తారు. పెద్దవాళ్లకు చిన్న మాత్రలు 4 చొప్పున ఆరు డోసులు, మొత్తం 24. మొదటిది వేసిన 8 గంటలకు రెండోది, తర్వాత రెండు రోజులు పొద్దున, సాయంత్రం. పిల్లలకు బరువుని బట్టి, డాక్టర్ చెప్పినట్టు. పాలతోనో, కొవ్వున్న తిండితోనో వేసుకోవాలి, ఖాళీ కడుపున సరిగా పట్టదు. రెండో రోజే జ్వరం తగ్గిందని ఆపేస్తే మళ్లీ తిరగబెడుతుంది.

ముకోనో_మేడమ్
తగ్గాక కూడా ర్యాపిడ్ కిట్ పాజిటివ్ చూపిస్తుంది కదండీ? స్టాఫ్‌రూమ్‌లో ఇదే గొడవ.

ఫార్మసీ_ఫణి
అవును, వారాల తరబడి చూపించవచ్చు. పరాన్నజీవి చచ్చినా దాని ప్రోటీన్ రక్తంలో తిరుగుతుంటుంది. తగ్గిందో లేదో చూడాలంటే స్లైడు, మైక్రోస్కోపు పరీక్షే. సెలవులకు ఇండియా వెళ్లి అక్కడ జ్వరమొస్తే మొదటి మాటే "ఆఫ్రికా నుంచి వచ్చాం" అని చెప్పండి. లేకపోతే వైరల్ అని పంపేస్తారు.

లెక్కల_మాస్టారు
పని గురించి ఎవరూ రాయలేదు. వారానికి ఎన్ని పీరియడ్లు, క్లబ్బులు, శనివారాలు ఉన్నాయా అన్నది కాంట్రాక్టులోనే ఉండాలి. "మేనేజ్‌మెంట్ అప్పగించిన ఇతర పనులు" అన్న క్లాజు ఉంటే బస్ డ్యూటీ కూడా అందులోకే వస్తుంది. జామ్ వల్ల బస్సు ఆరింటికే బయలుదేరుతుంది, గుర్తుంచుకోండి.

బోధనలో మనవాళ్లు తడబడేది ఒకచోటే. మనం డెరివేషన్ బోర్డంతా నింపుతాం, కేంబ్రిడ్జ్ పేపర్ దాన్ని అడగదు. స్టేట్, డిస్క్రైబ్, ఎక్స్‌ప్లెయిన్, ఈ మూడింటికీ మార్కులు పడే పద్ధతి వేరు. ఎక్స్‌ప్లెయిన్ అన్నచోట కారణం రాయకపోతే ఎంత రాసినా మార్కు రాదు. 0625 (ఐజీసీఎస్‌ఈ ఫిజిక్స్ కోడ్) సిలబస్‌లో 2023 నుంచి గురుత్వ త్వరణం జీ విలువ 9.8, అంతకుముందు 10. పాత పేపర్లు చేయించేటప్పుడు మార్క్ స్కీమ్ జవాబుతో పిల్లల జవాబు తేడా వస్తుంది, ముందే చెప్పండి.

ఎక్కువ మార్కులు పోయేది 5, 6 పేపర్లలో (ప్రాక్టికల్, దాని బదులు రాసే పేపరు), గ్రాఫు దగ్గర. స్కేలు గ్రిడ్‌లో సగానికి పైగా వాడాలి. 3, 7 లాంటి అడ్డదిడ్డం స్కేలు వద్దు. పాయింటు చిన్న గడిలో సగం దాటి తప్పకూడదు, లావు చుక్క పెడితే ఆ మార్కు పోయినట్టే. సన్నటి పెన్సిల్‌తో చిన్న గుణకారం గుర్తు పెట్టించండి. వాలు కోసం గీసే త్రిభుజం గీతలో సగానికన్నా పొడవు ఉండాలి, అది గ్రాఫు మీద కనిపించాలి. యూనిట్లు అక్షం పక్కన స్లాష్ పెట్టి రాయాలి. ఈ నాలుగూ మొదటి టర్మ్‌లోనే అలవాటు చేస్తే సగం గెలిచినట్టే.

ఎన్టెబ్బే_ఎక్స్‌ప్రెస్
ఇది మాత్రం ఫ్రేము కట్టించుకోవాలి. ల్యాబ్ ఎలా ఉందో కూడా వీడియో కాల్‌లో చూపించమనండి. బున్సెన్ బర్నర్లకి సిలిండర్ గ్యాసే. బర్నర్ జెట్ (గ్యాస్ బయటికొచ్చే ముక్కు) పైపుల్లో వచ్చే సహజ వాయువుకి చేసినదైతే మంట పొడుగ్గా, పసుప్పచ్చగా వచ్చి బీకర్లన్నీ మసి చేస్తుంది. ఎల్‌పీజీ జెట్ రంధ్రం చిన్నది, అది మార్పించాలి.

గోదారి_గట్టు
క్లాసు రిజిస్టర్లో ఇద్దరు నకాటోలు, ముగ్గురు కాటోలు కనిపిస్తే కంగారు పడకండి. కంపాలా ప్రాంతపు తెగ బగాండా వాళ్లలో, కవలల్లో రెండో అమ్మాయి నకాటో, రెండో అబ్బాయి కాటో. మొదటివాళ్లు బబిర్యే, వాస్వా. పేరెంట్స్ మీటింగ్‌లో "వీళ్ల కవల ఎక్కడ?" అని అడగొచ్చు, సంతోషిస్తారు.

ముకోనో_మేడమ్
ఇక్కడ ఎవరితోనైనా ముందు కుశలం అడగాలి, తర్వాతే పని. ఆఫీసు క్లర్కు దగ్గరికెళ్లి నేరుగా "నా పర్మిట్ ఏమైంది?" అంటే ఫైలు కిందికి పోతుంది. ఇంకొకటి, ముఖ్యమైనది. పిల్లల మీద చెయ్యి చేసుకోకూడదు. 2016 బాలల చట్ట సవరణతో స్కూళ్లలో శారీరక దండన నిషేధం. మన కార్పొరేట్ కాలేజీల్లో నేర్చుకున్న స్కేలు విద్య ఎయిర్‌పోర్టులోనే వదిలేయండి.

బోడాబోడా
నా పేరు పెట్టుకున్న బండి గురించి నేనే చెప్పాలి. బోడా (బైక్ ట్యాక్సీ) ఎక్కితే యాప్‌లో బుక్ చేసుకుని, హెల్మెట్ పెట్టుకుని ఎక్కండి. వాన పడ్డాక ఎర్రమట్టి రోడ్డు మీద అసలు ఎక్కొద్దు. స్కూలిచ్చే మెడికల్ పాలసీలో మోటార్‌సైకిల్ ప్రమాదానికి మినహాయింపు ఉందేమో, ఔట్‌పేషెంట్ పరిమితి ఎంతో చదవండి.

ఫిజిక్స్_పరిమళ
హెచ్ఆర్ జవాబిచ్చింది. 40 లక్షలు గ్రాసేనట! టికెట్టు రెండేళ్లకొకటి. ఇల్లు బుకోటోలో, పన్ను సంగతి "అకౌంట్స్‌ని అడిగి చెప్తా" అంది. స్పెషల్ పాస్ మాత్రం దిగే ముందే తీస్తామని మెయిల్‌లోనే రాసింది.

లెక్కల_మాస్టారు
30 లక్షలు నెట్ అడగండి. గ్రాస్ ఎంత అవుతుందో వాళ్ల అకౌంటెంట్ లెక్క వేసుకుంటాడు. ఒప్పుకోకపోతే టికెట్టు ఏడాదికొకటి, ముగ్గురికీ. రెండూ కాదంటే ఇంకో ఆఫర్ కోసం ఆగొచ్చు, ఫిజిక్స్ టీచర్లకు గిరాకీ ఉంది.

నల్గొండ_నైలు
బుకోటో మంచి ఏరియానే. ఇంటి వీడియో అడుగుండ్రి, ట్యాంకు సుద్ధా చూపెట్టమనుండ్రి.

వైరింగ్_వాసు
ఎమిరేట్స్‌లో ఆఫ్రికా రూట్‌కి మామూలుగా ఒక్కొక్కరికి 23 కిలోల పెట్టెలు రెండు. మీరు ముగ్గురు, ఆరు పెట్టెలు. టికెట్ మీద ఉన్నది మళ్లీ చూసుకోండి. కుక్కర్ చెక్-ఇన్‌లో వేయండి, గ్యాస్కెట్లు రెండు, సేఫ్టీ వాల్వులు రెండు అదనంగా. మీ మోడల్‌వి ఇక్కడ దొరక్కపోవచ్చు.

గుంటూరు_గొడ్డుకారం
ఆరు పెట్టెలా? అయితే కారం 10 కిలోలు.